ఎనిమిది వంటగదులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ తెలుసు. ఉంటే ఉండనీ! కానీ ఆ శుక్రవారం పొద్దున, నా కోపం చేసిన నిర్వాకం కళ్లముందే సున్నపు గీతలై పరుచుకుంది.

మేం ఎనిమిది మందిమి. పదిహేనేళ్లుగా ఒకే కిరాయి గదిలో, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. పైసా పైసా కూడబెట్టి ఊరి చివర కలిసి జాగా కొన్నాం. ఎనిమిది చిన్న ఇళ్లు, పని చేసుకోవడానికి ఒక హాలు, ఒక బోరు, అందరికీ కలిపి ఒకే వంటగది. అలాగైతే తలా ఆరు లక్షల్లో అయిపోతుందని రాజమల్లు మేస్త్రీ చెప్పాడు. అడ్డం తిరిగింది నేనే.

"ఒకరి పొయ్యి మీద ఇంకొకరు వండుడేంది? నా పొయ్యి నాకు గావాలె" అని లొల్లి పెట్టాను. నా నోటికి జడిసి అందరూ సరేనన్నారు. ఎనిమిది వంటగదులయ్యేసరికి ఆరు కాస్తా ఏడయ్యింది. ఏడుగురం అప్పోసప్పో చేసి తెచ్చుకున్నాం. ఇంకొకరికి సర్దే శక్తి ఎవరికీ మిగల్లేదు. మాలో పెద్దదైన మొగిలవ్వ దగ్గర మాత్రం, చెవుల కమ్మలు అమ్మినా ఆరే ఉన్నాయి. అరవై దాటిన ఒంటరి మనిషికి అప్పు ఎవరిస్తారు?

ఆ సంగతి తెలిసి జగిత్యాల నుంచి సతీశ్ అనే బట్టల వ్యాపారి కారేసుకుని వచ్చాడు. మొగిలవ్వ తప్పుకుంటే ఆ వాటా అతనిది.

రాజమల్లు ఏడిళ్లకు ముగ్గు పోసి, ఎనిమిదోదాని దగ్గర ఆగాడు.

"పదిన్నర దాటితె రాహుకాలం. గీ ఇల్లు ఎవలదో జెల్ది చెప్పుండ్రి అక్కా."

"పైసలు నేను పట్టుకనే అచ్చిన. ముసలామె కట్టినయి ఆమెకు వాపస్ ఇచ్చేద్దాం" అన్నాడు సతీశ్, గడియారం చూసుకుంటూ.

మొగిలవ్వ కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ నిలబడింది. "నా కోసం ఆగకుండ్రి బిడ్డా. ఇప్పుడున్న ఇల్లు అచ్చే నెల ఖాళీ చెయ్యమన్నరు, గంతే" అంది.

గంతేనట! ఎక్కడికి పోతావని అడిగితే మొహం తిప్పుకుంది.

మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రానికి ఎవరి బీడీలైనా వెయ్యికి తక్కువైతే, మిగతావాళ్లం తలో కట్ట తీసి వాళ్ల చాటలో వేస్తాం. తిరిగి అడగం. నా బిడ్డ సృజనకు టైఫాయిడ్ వచ్చిన నెలంతా నా చాట నింపింది మొగిలవ్వే. అలాంటి మనిషిని నేను వీధిలోకి నెట్టేశాను.

"ఆగు రాజన్నా" అన్నాను. "నా పొయ్యికి గోడెందుకు అడిగిన్నో చెప్త. నెలాఖరుకు మా ఇంట్ల గంజి తప్ప ఏముండది. మీరు గిన్నె మూత తీసి చూస్తె ఇజ్జత్ పోతదనుకున్న. గందుకే."

నా వంటగది గీతను కాలితో చెరిపేశాను.

"అయ్యయ్యో, ముగ్గు తొక్కుతరా అక్కా!" అని అరిచాడు రాజమల్లు. "నీ ఒక్కదానిది చెరిపితె ఏమైతది? అందరియి పోతెనే ఆరుకు దిగుతది."

సుశీల నన్నే చూస్తోంది. మాలో కాస్త కలిగింది ఆమే అనుకునేవాళ్లం. రోజూ వాళ్లింట్లోంచి ఘుమఘుమలు. తిడుతుందేమో అనుకున్నాను.

"నీ ఒక్కదాని ఇంట్లనేనా గంజి?" అంది. "దుబాయి నుంచి మా ఆయన పైసలు పంపక ఐదు నెలలైతుంది. మీకు వాసన రావాలని ఉత్త నూనెల ఉల్లిగడ్డ ఏపుతున్ననే!" ఏడుస్తూ, నవ్వుతూ తన గీత చెరిపింది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అఖిల మాత్రం కదల్లేదు.

"మా అత్త ఒప్పుకోది" అంది.

పది ఇరవై. నాలుక చివరిదాకా తిట్టు వచ్చింది. నోరు మూసుకున్నాను. నా నోరు చేసింది చాలు. అఖిల గీత వంక, మొగిలవ్వ వంక మార్చి మార్చి చూసింది.

"మా అత్త లొల్లి పెడితె నువ్వే అచ్చి మాట్లాడాలె శోభక్కా" అంటూ చెరిపింది. మొగిలవ్వ తన వాటాలో ఇంకా పోయని వంటగదిని వద్దంటూ చెయ్యూపింది. రాజమల్లు వంగి ఎనిమిదో ఇంటికి సున్నం పోయడం మొదలుపెట్టాడు. సతీశ్ కారు తిరిగి జగిత్యాల దారి పట్టింది.

మొగిలవ్వ నా పక్కకు వచ్చి మెల్లగా అంది. "నీ గిన్నెల గంజేనని నాకెప్పుడో ఎర్క పిల్లా. చాట నింపినదాన్ని, కడుపు సంగతి ఎర్కలేదా?"

కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.