ఎండలో కనపడే గీతలు

ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే తిమ్మరాజు నల్ల కారు కొన్నాడు. నలుపు చూసుకోవడం కష్టమని అమ్మినవాళ్ళే చెప్పారు. ఆయన వినలేదు. ఎదురంగడి రామాంజనేయులుది తెల్ల కారు. తనూ తెల్లదే కొంటే ఏది ఎవరిదో జనానికి ఎట్లా తెలుస్తుంది?

కొత్తలో తిమ్మరాజు అంగడి మెట్ల మీద నిలబడి కారులో తన మొహం చూసుకుని మీసం సవరించుకునేవాడు. చీరల కోసం వచ్చినవాళ్ళు ముందు కారు బాగుందని అనాలి. అనకపోతే బేరం దగ్గర ఆయన మనసు గట్టిపడేది.

చిక్కంతా నీళ్ళతో వచ్చింది. పొద్దున్నే ఇంటి బోరు నీళ్ళతో కారును తానే కడిగేవాడు. ఆ నీళ్ళు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. కారు మీద ఎండకు ఆరిన చోటల్లా తెల్ల మచ్చలు పడ్డాయి. చూసినవాళ్ళు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకరు నిమ్మరసం, ఒకరు పళ్ళు తోమే పేస్టు, ఒకరు కిరసనాయిలు. తిమ్మరాజు అన్నీ పూసి చూశాడు. కారు నుంచి రకరకాల వాసనలు వచ్చాయి గానీ మచ్చలు పోలేదు.

అప్పుడు ఆయనకు సొంత ఆలోచన ఒకటి తట్టింది. పట్టు కంటే మెత్తనిది ఈ లోకంలో ఏముంది? అంగట్లో మిగిలిన ఒక పట్టు ముక్క తెచ్చి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దాడు. సాయంత్రం నీడలో కారు ధగధగలాడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మరునాడు ఎండ పడగానే కారు నిండా గీతలు బయటపడ్డాయి. కారులో మెరిసే సూర్యుడి చుట్టూ సుడులు సుడులుగా, సన్నగా, వేలకు వేలు. రామాంజనేయులు రోడ్డు దాటి వచ్చాడు.

“ఏమప్పా తిమ్మరాజూ, కారు మీద సాలెపురుగు గూడు కట్టినాదే! దేంతో తుడిచినావు?”

కారు అద్దానికి తగిలించి ఉన్న పట్టు ముక్కను రామాంజనేయులే తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“జరీ అంచు! వెన్న మాదిరి జరీ, పసిబిడ్డకు చుట్టినా గీసుకోదు అని అమ్ముతావు కదప్పా. ఇనుప రేకునే గీరేసినాదే!”

అంగట్లో కూర్చున్న పెళ్ళివారి ఆడవాళ్ళకు ఆ మాటలన్నీ వినిపించాయి. వాళ్ళలో ఒకావిడ, అప్పటిదాకా ముచ్చటపడుతున్న చీర కొంగును మణికట్టు మీద మెల్లగా రాసి చూసుకుంది. తర్వాత చీర మడత పెట్టి పక్కన పెట్టేసింది.

ఆ రోజు నుంచి తిమ్మరాజు కారును నీడలోనే పెట్టేవాడు. నీడ జరిగితే బేరం మధ్యలో వదిలి వెళ్ళి కారును జరిపేవాడు. తనకల్లు ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూసి వద్దామని భార్య జయలక్ష్మమ్మ అడిగితే, “దారి పొడుగునా నీడ ఉంటే చెప్పు, పోదాం” అన్నాడు.

చివరికి కారును హిందూపురం తీసుకుపోయాడు. అక్కడ సాయినాథ్ అనే అతను కార్లకు పాలిష్ పట్టే షాపు పెట్టుకున్నాడు. నల్ల గ్లౌజులు తొడుక్కుని, టార్చి వేసి, కారును డాక్టరు మాదిరి పరీక్ష చేశాడు. మధ్య మధ్యలో “ప్చ్” అన్నాడు. అలా అన్నప్పుడల్లా తిమ్మరాజు వంగి, టార్చి వెలుగు పడిన చోటు చూశాడు.

“నీళ్ళ మచ్చలు మందుతో పోతాయి సార్. ఈ సుడి గీతలకు మిషను పెట్టాల.”

“గీతలు పూర్తిగా పోతాయా?”

“పోవడమంటే, గీత చుట్టూ ఉండే పైపొరను అరగదీసి, గీతతో సమానం చేస్తాం సార్.”

“అంటే నేను అరగదీసింది చాలక, నువ్వు ఇంకా అరగదీస్తావు.”

“మాది పద్ధతిగా ఉంటాది సార్” అన్నాడు సాయినాథ్.

పద్ధతి అనే మాట తిమ్మరాజుకు నచ్చింది. కారు అక్కడే వదిలి వచ్చాడు.

కారు తయారైన రోజే జయలక్ష్మమ్మ తమ్ముడు సుధాకర్ కూతురికి ధర్మవరంలో నిశ్చితార్థం. పొద్దున్నే బస్సులో వెళ్ళి, కారు తెచ్చుకుని, సరాసరి అందులోనే దిగాలని తిమ్మరాజు పట్టు. జయలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకుని, పళ్ళ తట్ట ఒళ్ళో పెట్టుకుని వెంట వెళ్ళింది.

హిందూపురం ఎండలో కారును చూసి తిమ్మరాజుకు కళ్ళు చెమర్చాయి. గీత లేదు, మచ్చ లేదు. పైన ఏదో కోటింగు కూడా వేసినట్టు సాయినాథ్ చెప్పాడు. “అది గట్టిపడేదాకా చుక్క నీళ్ళు తగలగూడదు సార్” అన్నాడు తాళాలిస్తూ.

సోమందేపల్లి దాకా ఆకాశం బాగానే ఉంది. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి కొండ మీద మబ్బు పట్టింది. తిమ్మరాజు కారును రోడ్డు పక్కకు దింపి, ఫ్లైఓవర్ కింద ఆపేశాడు.

“ఏమాయ?” అంది జయలక్ష్మమ్మ.

“వాన వచ్చేట్టు ఉండాది.”

“వస్తే? మనం లోపలే కదా ఉండేది!”

“మనం లోపలుంటాం. కారు బయటుంటాది కదే!”

వాన మొదలైంది. సన్నగా, తీరిగ్గా, ఇప్పట్లో ఆగే ఆలోచన లేనట్టు పడింది. సుధాకర్ ఫోను మీద ఫోను చేశాడు. పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చేశారన్నాడు. మేనత్త రాకుండా తాంబూలాలు ఎట్లా మార్చుకునేదన్నాడు. జయలక్ష్మమ్మ భర్త వైపు చూసింది. ఆయన మబ్బు వైపు చూస్తున్నాడు.

“నీ కారు గట్టిపడినాక రా” అని ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని, వానలోనే రోడ్డెక్కి ధర్మవరం బస్సు ఆపి ఎక్కేసింది.

ఆమె పోయిన కాసేపటికి ఆ వంతెన కిందికే ఒక గొర్రెల మంద వచ్చింది. తడిసిన గొర్రెలు. నిలబడడానికి చోటు చాలక కారు చుట్టూ కమ్ముకున్నాయి. ఒళ్ళు దురద పెట్టినవి తలుపులకు ఆనుకుని ముందుకూ వెనక్కూ రుద్దుకున్నాయి. తిమ్మరాజు అద్దం కొంచెం దించి అరిచాడు. హారన్ కొట్టాడు. బెదిరిన గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుని ఇంకా గట్టిగా రాసుకున్నాయి. కాపరి కుళ్లాయప్ప గొంగడి సవరించుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా, కారు చెడిపోయినాదా?”

“లేదు, బాగుండాది. ముందు నీ గొర్రెల్ని తోలు!”

“వానలో యాడికి తోలేదప్పా? బాగుంటే నువ్వే పోరాదా?”

“వాన పడతాండాది కదా!”

కుళ్లాయప్ప కారు పైకప్పు వైపు చూశాడు. “లోపల కారుతాదా?” అన్నాడు జాలిగా.

ఒక గొర్రె ముందు తలుపు అద్దానికి ముక్కు ఆనించి తిమ్మరాజును చూస్తోంది. ఇంట్లో శుభకార్యం, పక్కన భార్య లేదు, కడుపులో ఆకలి. మొట్టమొదటిసారి ఆయనకు సిగ్గేసింది. కారు స్టార్ట్ చేసి, గొర్రెల్ని మెల్లగా తప్పించుకుని వానలోకి తోలాడు.

ధర్మవరం చేరేసరికి రెండో బంతి కూడా లేచింది. జయలక్ష్మమ్మ ఏమీ అడగకుండా ఆయనకు ఆకు వేసి వడ్డించింది. పప్పులో నెయ్యి మాత్రం తక్కువ చేయలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే సుధాకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. “బావా, పెళ్ళికొడుకు తాతగారోళ్ళను స్టేషన్లో దింపాల. రైలు టైమయింది. నీ కారే ఖాళీగా ఉండాది.”

కాదనడానికి లేదు. తిమ్మరాజు బయటికి వచ్చాడు. వాన వెలిసి, ఎండ కాస్తోంది. కారు మీద బురద, ఉన్ని, కొత్తగా అడ్డంగా నాలుగు గీతలు. పెళ్ళికొడుకు తాత చేతికర్ర చంకలో పెట్టుకుని, పంచె బిగించుకోవడానికి చేతులు కావలసి, సాంబారు కారియరును బానెట్టు మీద పెట్టాడు. అది జారబోతే వెనక్కి లాగి, గట్టిగా నొక్కి మళ్ళీ పెట్టాడు.

“కారు శానా బాగుండాది నాయనా. ఏం రంగు ఇది?” అన్నాడు పెద్దాయన.

తిమ్మరాజు మొహం చూసి జయలక్ష్మమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ముందు తలుపు తీసి, తనూ ఎక్కి కూర్చుంది.