వెలుగు పడితే లేవొద్దు

మార్చి నెల మిట్టమధ్యాహ్నం, అడవి పల్లె ఎర్రబోరులో ఉంగ తన మేకల్నీ విత్తనాల వడ్లనీ ఎత్తుగడ్డ మీదికి చేర్చేశాడు. యేసుపాదం మాస్టారు ఫోన్లో "ఫ్లడ్‌లైట్లు వస్తున్నయి, నువ్వూ రా" అన్నాడు. సగం మాట సిగ్నల్ మింగేసింది. ఉంగకి చేరింది ఫ్లడ్డు ఒక్కటే.

"ఎండాకాలం వరదేంది ఉంగా?" మాస్టారు మళ్లీ ఫోన్ చేసి పగలబడి నవ్వాడు.

"ఏమో సార్. వానాకాలం నిజంగ వరదొస్తే ఒక్కరూ చెప్పలే. ఇప్పుడు ఫోన్ చేసి మరీ చెప్తున్నరంటే శానా పెద్దదే అనుకున్న."

మాస్టారు నవ్వు ఆపి, అవి రాత్రి ఆటకి తెస్తున్న దీపాలని విడమరిచి చెప్పాడు.

భద్రాచలం వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చిన యేసుపాదం తోంగ్‌పాల్ దగ్గర గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఆటల మాస్టారు. అక్కడి ఆడపిల్లలకి బేస్‌బాల్ నేర్పుతాడు. గోనెసంచుల్లో ఇసుక నింపి బేసులంటాడు. "బేసిక్‌గా బేసు లేని బేస్‌బాల్ మనది" అని తన జోకుకి తనే ముందు నవ్వుతాడు. ఉంగ కూతురు ఆయతి సంగతి వచ్చేసరికి మాత్రం ఆయన జోకులు కట్టిపెడతాడు. బంతి ఆకాశంలో ఎక్కడికి లేచినా దాని కింద ఆయతి చేతులుంటాయి. రాష్ట్ర జట్టులో ఒకే ఒక్క ఖాళీ ఉంది. అది దొరికితే పిల్లకి క్రీడా హాస్టల్, చదువు, తిండి. దొరక్కపోతే ఈ ఎండాకాలం నుంచే బీడీలకి తునికాకు తెంపడం.

పగలు నిప్పులు కురుస్తున్నాయని ఆ ఎంపిక పోటీని రాత్రికి మార్చారు. పెళ్లిళ్లకి అద్దెకి తిరిగే జనరేటరు తెచ్చి, ట్రాక్టరు ట్రాలీల మీద స్తంభాలు నిలబెట్టి దీపాలు బిగించారు. మాస్టారికి పూనకమొచ్చింది.

"తొంభై ఏళ్ల కిందట అమెరికాలో ఇట్లనే ఆడిన్రమ్మా! తెల్లోళ్లు తమ జట్లల్లకి రానియ్యని నల్లోళ్ల జట్టొకటి, లారీల మీద దీపాలేసుకొని ఊరూరా తిరిగి రాత్రిళ్లు ఆడింది. పెద్ద జట్లకన్న ముందే. చీకట్ల పెట్టినోళ్లే ముందు దీపం పెట్టిన్రు!"

"వాళ్లు గెలిచిన్రా సార్?" అడిగింది ఆయతి.

మాస్టారు తలపాగా సర్దుకుని బంతి ఆమె చేతిలో పెట్టాడు.

పొద్దు ఉండగానే దీపాలు వెలిగించారు కాబట్టి, వెలుతురు ఎప్పుడు రాత్రిలోకి జారిందో ఎవరికీ తెలియలేదు. జగదల్‌పూర్ జట్టుతో ఆట హోరాహోరీగా సాగింది. ఆయతి మూడు బంతులు గాల్లోనే పట్టింది. "బహుత్ బఢియా!" అని మెచ్చుకున్నాడు సెలెక్టరు దేవేంద్ర, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

ఆఖరి ఇన్నింగ్సు. బంతి గాల్లోకి లేచింది. జనరేటరు దగ్గి ఊరుకుంది. కారుచీకటి. గుక్క తిప్పుకునేలోగా మళ్లీ దీపాలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి.

ఆయతి నేలకి కరుచుకుని బోర్లా పడి ఉంది. రెండు చేతులూ తల మీద. బంతి పక్కనే పడి దొర్లిపోయింది. జనం విరగబడి నవ్వారు. "మట్టి కరిచిందిరోయ్!" అని ఎవడో అరిచాడు.

దీపాలు ఆరినప్పటి బంతి చెల్లదని అంపైరు దాన్ని లెక్కలోంచి తీసేశాడు. దేవేంద్ర ఆయతిని తీసేశాడు. 'బంతికి భయం' అని పేరు పక్కన రాశాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. ఉంగని పిలుద్దామని గీత అవతల జనంలోకి చూశాడు. కొత్త చొక్కా అంతా మట్టితో, ఉంగ కూడా అప్పుడే నేల మీంచి లేస్తున్నాడు.

"నీకేమైంది ఉంగా? నీ మీదికి బంతి రాలేదు కదా?"

"బంతి కాదు సార్." ఉంగ చొక్కా దులపలేదు. "చీకట్ల ఒక్కసారి లైటు పడితే పండుకోవాలె. లేవొద్దు, ఉరకొద్దు. ఉరికినోడు మిగలడు. లైటు వెనక తుపాకి ఉంటది, పోలీసులదైనా అన్నలదైనా సరే. దానికి నడక రాకముందే నేను నేర్పిన."

మాస్టారు వెళ్లి మైకు లాక్కున్నాడు. ఆ మాటలన్నీ తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, వచ్చీరాని గోండీలో ఒకసారి చెప్పాడు. ఈసారి ఒక్క జోకూ వెయ్యలేదు. నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. మట్టి కరిచిందన్నవాడు జనం వెనక్కి జారుకున్నాడు. ఆయతి ఎవరి వైపూ చూడలేదు.

"మాస్టర్‌జీ, తప్పు నాదే. ఇప్పుడే దిద్దుతాను" అన్నాడు దేవేంద్ర. నిజంగానే రెండు చెవులూ పట్టుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని 'బంతి' అన్న మాట కొట్టేసి, దాని పైన 'వెలుగు' అని రాశాడు.

"రాష్ట్రం పోటీలన్నీ ఇక రాత్రిళ్లే, లైట్ల కిందే, మాస్టర్‌జీ" అంటూ పెన్నుకి మూత పెట్టాడు.