ఏకాంతం గదిలోంచి చప్పుడు

మా మఠంలో ముందు చేరినవాడు అన్న, తర్వాత చేరినవాడు తమ్ముడు. వయసుతో పని లేదు. అందుకని నాకంటే పదేళ్లు చిన్నవాడైన, ప్రార్థనల్లో పాట ఎత్తుకునే కంచుకంఠాన్ని నేను ‘అన్నా’ అనే పిలవాలి. వంటింట్లో చెమటలు కక్కుతూ జావ గుండిగ దించుతుంటే వాడు గుమ్మంలో నిలబడి “ఉప్పు చూశావా తమ్ముడూ” అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే, మండటానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు. పెద్దాయన నాకు పెట్టిన పేరే ‘చిటపట’.

పెద్దాయన అంటే మా మఠానికి పెద్ద. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మేనేజరుతో కొట్లాడి, ఇంట్లోవాళ్లకీ అక్కర్లేనివాడినై నేను ఈ గేటు తట్టిన రోజున తలుపు తీసింది ఆయనే. “వంట వచ్చా?” అన్నారు. “వచ్చండి. కోపం కూడా వస్తుంది,” అన్నాను. నవ్వి, లోపలికి రమ్మన్నారు. అప్పట్నుంచీ నాకు ఇల్లూ వాకిలీ అన్నీ ఇదే. గెంటేస్తే పోవడానికి ఇంకో చోటు లేదు.

ఏడాదికోసారి పెద్దాయన ఏకాంతంలోకి వెళతారు. వెనక గదిలో దూరి లోపల గడియ పెట్టుకుంటారు. వారం పాటు ఎవరితోనూ మాట ఉండదు. తలుపు పక్కన గోడలో చిన్న గూడు ఉంది, దానికి అటూ ఇటూ చెక్క మూతలు. నేను పళ్లెం పెట్టి ఇటు మూత వేస్తే, లోపలి నుంచే తెరుచుకునే అటు మూత తీసి ఆయన అందుకుంటారు. పళ్లెం ముట్టకపోతే ప్రార్థనలో మునిగి ఆకలి మరిచారని లెక్క. అలాంటి రోజున మఠంలో అందరి ముఖాలూ వెలిగిపోతాయి, వండినవాడి ముఖం తప్ప.

ఆ ఏకాంతాన్ని భంగం చేసినవాడు ఆ పూటే మఠం గడప దాటాలి. క్షమించే హక్కు ఒక్క పెద్దాయనది, ఆయన క్షమించరు. రెండేళ్ల కిందట తోట పని చూసే మంచివాడొకడు గూట్లో తల పెట్టి “దగ్గు తగ్గిందాండీ?” అని అడిగాడు, పాపం. పెద్దాయన బయటికొచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి, గేటు దాకా నడిపించి సాగనంపారు. తిరిగొస్తూ కళ్లు తుడుచుకున్నారు గానీ మాట మార్చుకోలేదు.

ఈసారి ఏకాంతం సగంలో ఉండగా నేను సరుకులకి బజారుకెళ్లి సాయంత్రం ఎప్పటికో వచ్చాను. పొద్దున వెళ్తూ గూట్లో పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. కంచుకంఠం నాకు ఎదురొచ్చాడు. వాడంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

“మధ్యాహ్నం నువ్వు లేవు తమ్ముడూ. మేం ఆ తలుపు ముందు కూర్చుని ప్రార్థన పాడుతుంటే లోపలి నుంచి పెద్దాయన దరువు వేశారు. చెక్క మీద కొట్టినట్టు, టక్ టక్ అని. సాయంత్రం కూడా వేశారు. ఏకాంతంలో ఉండి మాతో కలిశారంటే ఇంతకంటే ఏం కావాలి?”

నాకూ బాగానే అనిపించింది. పడుకున్నాను.

పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే ఆ చప్పుడు నేనూ విన్నాను. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒకటే గోడ. టక్, టక్, టక్. అప్పుడు ఎవరూ పాడటం లేదు. అందరూ వాకిళ్లు ఊడుస్తున్నారు. పాటే లేనప్పుడు ఆయన దరువు దేనికి వేస్తున్నట్టు?

గరిటె తిరగేసి గోడ మీద ఒక్కటి కొట్టాను. అటు చప్పుడు ఆగింది. మళ్లీ కొట్టాను. వెంటనే టకటకటకా అని వచ్చింది, ఊపిరి తీసుకోకుండా. పిలిస్తే పలికినట్టు పలికారు. మౌనంలో ఉన్న మనిషి అలా పలకరు.

గూటి దగ్గరికి పరిగెత్తేసరికి చీపుళ్లు పక్కన పెట్టి, పొద్దుటి ప్రార్థనకి అందరూ తలుపు ముందు బారుగా కూర్చుంటున్నారు. కంచుకంఠం తలుపుకి వీపు ఆనించి నిలబడి పాట ఎత్తుకోబోతున్నాడు.

“అన్నా, తలుపు తియ్యాలి. ఆయన మనల్ని పిలుస్తున్నారు.”

“ఎవరు చెప్పారు?”

“గోడ మీద కొడితే బదులు కొట్టారు.”

వాడి ముఖం మాడిపోయింది. “నువ్వు గోడ మీద కొట్టావా? ఏకాంతంలో ఉన్నవారిని?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “నీ మంచికి చెబుతున్నా, ఆ మాట ఇక్కడితో వదిలెయ్. నేనూ వినలేదనుకుంటా. వెళ్లి నీ పొయ్యి చూసుకో.”

“ఒక్క నిమిషం పాట ఆపించు. నువ్వే విను.”

“నిన్న నువ్వు లేకుండా జరిగిందని నీ బాధ. నాకు తెలుసులే.” వాడు చెయ్యి ఎత్తాడు. “గట్టిగా పాడండి. పెద్దాయనకి వినపడాలి.”

పాడారు. వాళ్ల గొంతులు కప్పు ఎగిరిపోయేలా లేచాయి. ఆ పాట కింద టక్, టక్ అని వస్తూనే ఉంది. వాళ్లు దానికి తల ఊపుతున్నారు. ఒకరిద్దరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, భక్తితో. నాకు వాళ్లందరి నోళ్లూ ఒక్క చేత్తో మూసెయ్యాలనిపించింది. భయం కూడా వేసింది, దాచుకోవడం దేనికి. ఒకవేళ ఆయన లోపల నిక్షేపంగా ఉంటే? తోటవాడికి పట్టిన గతే నాకూ పడుతుంది. ఈ వయసులో సంచి భుజాన వేసుకుని ఎవరి గేటు తట్టను?

అంతలో దరువు తప్పింది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. పాడేవాళ్లు పదాలు సాగదీసి ఆ ఎడంతో సర్దుకున్నారు. ఆయన నెమ్మదించిన కొద్దీ వీళ్లూ నెమ్మదించారు.

వంటింట్లోకెళ్లి కట్టెలు కొట్టే గొడ్డలి తెచ్చాను. పాట ఎవరో కోసేసినట్టు ఆగింది. కంచుకంఠం మాత్రం కదల్లేదు. రెండు చేతులూ చాపి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

“జరుగు,” అన్నాను. ‘అన్నా’ అని పిలవలేదు.

“ఇది కొడితే నీకు ఇక్కడ అన్నం లేదు.”

“లేకపోతే లేదు. జరుగు.”

“జరగను.”

ఇద్దరం చెవులు రిక్కించే ఉన్నాం. లోపలి నుంచి ఏమీ రాలేదు. వాడు తల తిప్పి తలుపు వైపు చూశాడు. అయినా చేతులు దించలేదు. వాడి భుజం పక్కగా, గడియ ఉన్న చోట గొడ్డలి వేశాను. చెక్క పెళ్లున చీలింది. వాడు చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు. రెండో దెబ్బకి తలుపు ఊడింది.

పెద్దాయన నేల మీద పడి ఉన్నారు. ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. మూతి వంకరపోయింది. పంచె తడిసి ఆరింది. రెండో చేతిలో చెక్క గ్లాసు ఉంది, దాని అంచంతా పగిలి పేళ్లు లేచాయి. ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు తలుపు వైపే చూస్తున్నాయి.

ఆయన్ని నేనే ఎత్తుకున్నాను. పసిపిల్లాడి బరువు కూడా లేరు. అంబులెన్సులో నాతో పాటు కంచుకంఠం ఎక్కాడు. ఎక్కమని ఎవరూ అనలేదు, దిగమనీ అనలేదు. ఆ పూటే గడప దాటాలన్న నియమం ఒకటుందిగా, అది అంబులెన్సు ఎక్కడంతోనే తీరిపోయింది. దాని గురించి నేను మళ్లీ ఆలోచించలేదు. దారంతా వాణ్ని తిట్టాల్సిన తిట్లు పోగేసుకున్నాను. క్యాంటీన్‌లో నేర్చినవి ఒక్కటి కూడా మరిచిపోలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ బయటికొచ్చింది. “ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం వస్తుందని చెప్పలేను. పక్షవాతం నిన్న పొద్దుటే వచ్చి ఉంటుంది. అప్పుడే తెచ్చుంటే వేరేగా ఉండేది. ఇంతమంది ఉన్నారు కదా, ఈయన ఎవరినీ పిలవలేదా?”

నేను కంచుకంఠం వైపు చూశాను. వాడేదైనా సాకు చెబితే అక్కడే అందుకుందామని.

“పిలిచారమ్మా,” అన్నాడు. వాడి గొంతు అంత సన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. “నిన్నంతా పిలిచారు. మేం దరువనుకుని పాడాం. గట్టిగా పాడమన్నది నేనే.”

డాక్టరమ్మ వాణ్ని ఓసారి చూసి, “వెళ్లి చూడండి,” అని వెళ్లిపోయింది.

పోగేసుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. “పద అన్నా,” అన్నాను.

“నేను రాను. ఆయన ముఖం ఎలా చూడను?”

“చూడు. చూడాల్సిందే.” చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

మమ్మల్ని చూడగానే పెద్దాయన పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గరగర తప్ప మాట లేదు. అది నన్ను ఉండమనడమో, పొమ్మనడమో, వాణ్ని తిట్టడమో, ఓదార్చడమో తెలియలేదు. ఇద్దరం మంచానికి చెరోవైపు వంగి, ఆయన నోటి దగ్గర చెవులు పెట్టాం. నర్సు వచ్చి సమయం అయిందంది. ఆయన మళ్లీ ఏదో అనబోయారు. మాకు అర్థం కాలేదు. అయినా ఇద్దరిలో ఒక్కరం కూడా లేవలేదు.