నాసిరకం

కుర్చీ చేతికి ఆఖరుసారి చిత్రిక పట్టి, బొటనవేలితో నిమిరి చూశాడు ముసలి వడ్రంగి. వేలు ఎక్కడా ఆగలేదు.

"అంత నునుపు ఆ గడ్డానికి కూడా చెయ్యరాదూ, కోర్టుకు వెళ్తూ?" అంది భార్య.

గడ్డం గీసుకున్నాడు. ఆమె వద్దంటున్నా కుర్చీని భుజానికెత్తుకునే బయల్దేరాడు.

అతను కుర్చీలు చేసిచ్చే ఫర్నిచర్ కొట్టు యజమాని దివాలా తీశాడు. ఉన్నదంతా అమ్మి తలా కొంచెం పంచారు. మిగిలిన బాకీల నుంచి అతన్ని విడుదల చేస్తారో లేదో ఇవాళ తేలుతుంది. బాకీ రావలసినవాళ్లెవరైనా లేచి అడ్డు చెప్పవచ్చు. అడ్డు చెప్పు బాబాయ్, జన్మలో తేరుకోకూడదు వాడు అని కోర్టు వరండాలో, తనకూ బాకీ రావలసిన పరుపులవాడు చెవి కొరికాడు.

వడ్రంగికి డబ్బు మీద ఆశ ఎప్పుడో పోయింది. ఉడుకంతా ఒక్క మాట మీదే. కొట్టు ఎందుకు మునిగిందో యజమాని కోర్టు కాగితాల్లో రాయించిన కారణాల్లో 'నాసిరకం చెక్కపని' అని ఉందట. అది విన్ననాటి నుంచి గొంతులో ముద్ద దిగడం లేదు.

అడ్డు చెప్పేవాళ్లున్నారా అని జడ్జిగారు అడిగారు. వడ్రంగి కుర్చీతో సహా ముందుకు నడిచాడు.

"నేను చెబుతానండి. బాకీ కోసం కాదు. నా పని నాసిరకం అన్నారు. ఆయన్ని ఇందులో కూచోమనండి. కిర్రుమంటే నేనే తప్పుకుంటా."

వెనక బల్లల్లో ముసిముసి నవ్వులు. జడ్జిగారు నవ్వలేదు, కానివ్వమన్నట్టు తలూపారు. చిక్కి సగమైన యజమాని వచ్చి కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలాడు. కుర్చీ కిక్కురుమనలేదు. దాని చేతులు రెండూ పట్టుకుని తల దించుకున్నాడు.

"మేస్త్రీ పని మంచిదేనండి. వ్యాపారం నాకే చేతకాలేదు. చెప్పుకోడానికి సిగ్గేసి అలా రాయించాను."

ఆ మాట కొట్టేశారు. వడ్రంగి తన అడ్డు తీసేసుకున్నాడు. యజమానికి విడుదల దొరికింది.

"చేతికందిన జుట్టు వదిలేశావు కదా బాబాయ్," అన్నాడు పరుపులవాడు.

"జుట్టు నాకెందుకురా? పేరు వచ్చిందిగా."

భుజం లాగుతుంటే, రేపు తీసుకెళ్తాలే అని కుర్చీని వరండాలో ఉంచి వెళ్లాడు. మంచిదేనన్నాడే, అందరి ముందూ అని ఇంట్లో చెప్పాడు.

"నేను పెళ్లయిన దగ్గర్నుంచీ అంటున్నా. నా మాట కోర్టులో చెల్లదేమో," అంది భార్య.

నవ్వుతూనే మారు వడ్డించుకు తిన్నాడు. కాస్త నడుం వాల్చాడు. సాయంత్రం ఆమె టీ తెచ్చి లేపితే లేవలేదు.

కుర్చీ ఆ వరండాలోనే ఉండిపోయింది. వాయిదాలకు వచ్చేవాళ్లు కూర్చుంటారు, విసుగ్గా కదులుతారు, లేచిపోతారు. అది మాత్రం ఇప్పటికీ కిర్రుమనదు.