నడిమి గీత మీద శంకరప్ప

దారం బిగించి రెండో మేకుకు ముడి వేసి, శంకరప్ప నడుం పట్టుకుని లేచాడు. ఇంకా ఆరు కాలేదు. హిందూపురంలో ఆ కాలేజీ మైదానం నిన్న సాయంత్రం చల్లిన నీళ్ళకు చల్లగా, గట్టిగా ఉంది. అడుగున బెజ్జాలు కొట్టిన పాలడబ్బాలో సున్నం పొడి పోసుకుని, డబ్బాను అరచేత్తో తడుతూ, దారం వెంబడి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఈ పనిలో వెనక్కే నడవాలి. ముందుకు నడిస్తే తన గీతను తానే తొక్కుకుంటాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. పిక్కలు మాత్రం ఇప్పటికీ కుర్రవాడి పిక్కలే. సున్నం ఒరిపిడికి వేళ్ళ సందులు పగిలిపోయాయి. కాలేజీ కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు మార్కర్, అదీ ఏజెన్సీ వాళ్ళు పెట్టింది, పర్మనెంటు కాదు. పిల్లలకు మాత్రం శంకరప్ప మామ. ఎండ బాగా ఎక్కితే కళ్ళు చికిలించుకుంటూ సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంటాడు. గంటకు గానీ బయటికి రాడు. తాగి పడుకుంటాడని లెక్చరర్లు అనుకుంటారు. అనుకోనీ! ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సంగతి వాళ్ళకు విన్నవించుకోవాలని ఆయనకు ఏనాడూ అనిపించలేదు.

ఆ రోజు కాలేజీల మధ్య ఆడపిల్లల కబడ్డీ పోటీలు. పొద్దున పెనుకొండతో సెమీఫైనల్, గెలిస్తే మధ్యాహ్నం ధర్మవరంతో ఫైనల్. ఫైనల్ చూసి యూనివర్సిటీ జట్టుకు పిల్లల్ని ఎంచుకోవడానికి పెద్దలు వస్తున్నారు. అందుకే ఆటలు నేర్పే పి.డి. ప్రేమ్ కుమార్ సారు తెల్లారకముందే ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ఆయన ఆశంతా అమృత మీద. పరిగి నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చే బీకాం రెండో సంవత్సరం పిల్ల. సన్నగా ఉంటుంది, కాళ్ళు పొడుగు. కూతకు వెళ్ళిందంటే ఎవర్నో ఒకర్ని తాకకుండా తిరిగి రాదు. యూనివర్సిటీకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆ పిల్ల ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తోంది.

సెమీఫైనల్ ఆఖరి నిమిషాల్లో అమృత కూతకు వెళ్ళింది. పెనుకొండ పిల్ల ఒకతె చీలమండ దొరకబుచ్చుకుని లాగింది. అమృత వెల్లకిలా పడింది. పడటంలో తల వెనకభాగం ఇంకో పిల్ల మోకాలికి తగిలింది. ఆ చప్పుడు గీత అవతల నిలబడ్డ శంకరప్పకు వినిపించింది. అయినా అమృత చెయ్యి చాచి నడిమి గీత ముట్టింది. పాయింట్లు వచ్చాయి. ఈలలు, చప్పట్లు. లేచి నవ్వుతూ దుమ్ము దులుపుకుని, తిన్నగా వెళ్ళి పెనుకొండ పిల్లల వరసలో నిలబడింది.

మైదానమంతా విరగబడి నవ్వింది. కెప్టెన్ పవిత్ర నవ్వుతూనే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది. ప్రేమ్ కుమార్ కూడా నవ్వాడు. శంకరప్ప ఒక్కడే నవ్వలేదు.

ఆ తర్వాత జరగాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. ప్రేమ్ కుమార్ తన సంచిలోంచి ఆముదం సీసా తీసి, ఆ పిల్ల మాడు మీద ఇంత పోసి, అరచేత్తో టపటపా తట్టాడు. ఈ చుట్టుపక్కల తలకు దెబ్బ తగిలితే చేసే వైద్యం అదే. ఆముదం చలవ చేస్తుందట, తడితే అదిరింది సర్దుకుంటుందట! అదిరిన తలను మళ్ళీ తట్టడమేమిటని అడిగినవాడు లేడు. సోడా తాగించారు. తల తడిమి చూశారు.

"బుడిపె రాలేదు, రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు. ఏం కాలేదు" అని ప్రేమ్ కుమార్ తేల్చేశాడు.

శంకరప్పకు ఈ వైద్యం బాగా తెలుసు. ఇరవై మూడేళ్ళ వయసులో ఆయన కొత్తచెరువు జట్టుకు ఆడేవాడు. రైల్వే వాళ్ళు రమ్మని కబురు పెట్టిన రోజులవి. ధర్మవరంలో పోటీ మధ్యలో ఇట్లాగే ఒకడి మోకాలు తలకు తగిలింది. ఇట్లాగే ఆముదం పెట్టారు, ఇట్లాగే తట్టారు, సోడా తాగించి పది నిమిషాల్లో మళ్ళీ బరిలోకి తోశారు. రెండోసారి పడ్డాడట. పడి కూడా లేచి ఆడి గెలిపించాడట. అట్ల ఆడినోడు మళ్ళీ పుట్టలేదని కొత్తచెరువులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆట ఊరంతటికీ గుర్తుంది, ఆయనకు ఒక్కడికే గుర్తు లేదు. ఆ ఆటా, దాని తర్వాతి రెండు రోజులూ ఆయన బతుకులో లేనే లేవు. రైల్వే సెలెక్షన్‌కు వెళ్ళినరోజు ఎండలో నిలబడలేక కూలబడ్డాడు. ఆ తర్వాత పేపరు చదివితే వాంతి, ట్యూబులైటు చూస్తే తలనొప్పి, ఉత్తపుణ్యానికి కోపం. పట్టిన పనల్లా ఆ కోపంతోనే పోగొట్టుకుని, చివరికి ఈ సున్నం డబ్బా దగ్గర తేలాడు.

పదకొండు గంటలప్పుడు సామాన్ల గది వెనక అమృత వాంతి చేసుకుంటుంటే చూశాడు.

"పొద్దున తిన్న ఉగ్గాని పడలేదు మామా" అంది, మూతి తుడుచుకుంటూ.

"ఆ ఉగ్గానే నేనూ తింటి కదా పాపా. నాకేమీ కాలేదే!"

ఆ పిల్ల ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై అయిదేళ్ళుగా ఎండలో శంకరప్ప అట్లాగే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. అది ఆయన చెయ్యే.

"తలకాయ నొప్పిగా ఉండాదా?"

"లేదు మామా. రవ్వంత. సారుకు చెప్పొద్దు."

"సరే గానీ, పొద్దున ఎవరితో ఆడితిమి?"

"ఏంది మామా అట్లడుగుతావు? ధర్మవరమోళ్ళతో. గెలిస్తిమి కదా!"

ధర్మవరంతో ఆట ఇంకా మొదలే కాలేదు.

శంకరప్ప తిన్నగా ప్రేమ్ కుమార్ దగ్గరికి పోయాడు. ఆయన చెట్టు నీడలో సెలెక్టర్లకు టీలు అందిస్తున్నాడు. పక్కకు పిలిచి చెప్పాడు. వాంతి సంగతి చెప్పాడు, ధర్మవరం సంగతి చెప్పాడు, ఆ పాపను ఆస్పత్రికి పంపాలన్నాడు.

"నువ్వేమన్నా డాక్టరా శంకరప్పా? సున్నం ఏసేటోడివి సున్నం ఎయ్యి" అన్నాడు ప్రేమ్ కుమార్, పళ్ళ బిగువున. "సెలెక్టర్లు ఆడ కూర్చోనుండారు. ఇట్లాంటి రోజు మళ్ళా వస్తుందా? ఆ పిల్ల బతుకు బాగుపడేది నీకు ఇష్టం లేదా?"

"బతుకు బాగుపడల్లంటే ముందు బతకల్ల కదా సార్."

"పో, పోయి గీతలెయ్యి. మూడుకు ఆట."

నిజం చెప్పాలంటే ప్రేమ్ కుమార్ చెడ్డవాడు కాదు. పిల్లలకు బూట్లు తన జేబులోంచి కొనిచ్చినవాడు. రక్తం కారితే మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కడతాడు. కారని దెబ్బంటే మాత్రం ఆయనకు నమ్మకం లేదు. ఇట్లాంటి మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా!

శంకరప్ప గీతలు వేశాడు. పొద్దుటి ఆటకు చెరిగిపోయిన పక్కగీతలు, చివరగీతలు, బోనస్ గీతలు అన్నీ వేశాడు. ఒక్క నడిమి గీత వేయలేదు. అది ఉండాల్సిన చోట, కోర్టుకు సరిగ్గా మధ్యలో, సున్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

రెండు జట్లూ వచ్చాయి. కుర్చీలు నిండాయి. రిఫరీ గంగాధర ధర్మవరం మనిషి, పాతికేళ్ళుగా శంకరప్పను ఎరిగినవాడు.

"ఏమబ్బా శంకరప్పా, ఈడ కూర్చుంటివి? లెయ్, పొద్దుపోతాంది."

"ఆ పాప తలకు దెబ్బ తగిలిండాది గంగాధరా. ఆడేకి లేదు. ఆడితే ఈ గీత పడదు."

ఎవడో ఈల వేశాడు. 'మామకు ఎక్కువైంది' అన్నారు ఎవరో. ప్రేమ్ కుమార్ ముఖం జేవురించింది. వచ్చి భుజం పట్టుకుని లాగాడు. శంకరప్ప లేవలేదు. ఆ పిక్కలు అట్లాంటివి. ఎండ తిన్నగా మొహాన కొడుతోంది, కళ్ళ వెనక సమ్మెటపోటు మొదలైంది. ఈ వేళకు ఆయన చీకటి గదిలో ఉండాల్సినవాడు. ఇవాళ ఏ తలనొప్పీ తనను ఇక్కడి నుంచి లేపలేదని తీర్మానించుకున్నాడు.

"నీ ఉద్యోగం పోతుంది, చెప్తాండా!" అన్నాడు ప్రేమ్ కుమార్.

"పోనీ సార్. ఒక పని చేద్దాం" అని లేచాడు శంకరప్ప. దారం లేదు, మేకుల్లేవు. వెనక్కి నడుస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిమి గీత వేశాడు. వంకర అన్నది లేదు. "పాపను దీని మీద నడవమను. మడమకు బొటనవేలు ఆనిచ్చి, పది అడుగులు. గీత తప్పకుండా నడిస్తే నేను ఇంటికి పోతా, మళ్ళా ఈ గేటు తొక్కను. తప్పితే ఆస్పత్రికి పంపండి."

గంగాధర సెలెక్టర్ల వైపు చూశాడు. వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. "నడువమ్మా" అన్నాడు.

అమృత ముక్కుపుటాలు అదిరాయి. ఎవరికీ తగ్గే పిల్ల కాదు. తల ఎత్తుకుని వచ్చి గీత మీద పాదం పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో అడుగుకు చేతులు రెండు పక్కలా లేచాయి. అయిదో అడుగు గీతకు జానెడు అవతల పడింది. "మట్టి జారుతాంది" అని మొదటికొచ్చింది. ఈసారి మూడుకే పోయింది. మళ్ళీ వచ్చింది. మైదానంలో ఈలలు ఆగిపోయాయి. మూడోసారి రెండడుగులు వేసి, గీత మీదే కూలబడి, తల రెండు చేతులా పట్టుకుంది.

"నా బతుకు నాశనం చేస్తివి మామా!" అని అరిచింది. "నువ్వు బాగుపడవు! నీ మొహం మళ్ళా చూడను!"

"తిట్టు పాపా" అన్నాడు శంకరప్ప. "తిట్టేకి నువ్వుండల్ల గదా. అది చాలు నాకు."

గంగాధర కాగితంలో అమృత పేరు కొట్టేసి ఇంకో పిల్ల పేరు రాశాడు. ఆటకు ఈల వేసే సమయానికి శంకరప్పా, ఆట చూడ్డానికి వచ్చిన పవిత్ర చెల్లెలు మమతా కలిసి అమృతను ఆటోలో ఎక్కించుకుని గేటు దాటారు. హిందూపురం నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు శ్రీదేవికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అమృత తల ముట్టుకుని చెయ్యి వాసన చూసుకుంది. "ఆముదమా? తట్టినారా కూడా? భలే చేసినారు!" అని మండిపడింది. స్కాన్‌కు రాసింది. తర్వాత అమృతను లేపి, నేలమీద రాతిపలకల అతుకు చూపించి, దాని మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమంది. మమత కళ్ళు పెద్దవి చేసి శంకరప్ప వైపు చూసింది. ఆయన గోడవైపు తిరిగాడు.

"స్కాన్‌లో రక్తం లేదు, అదృష్టం" అంది డాక్టరు. "కానీ మెదడు అదిరింది. అది స్కాన్‌లో కనపడదు, మనిషిలో కనపడుతుంది. రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. ఫోను చూడకూడదు. ఆ తర్వాత మెల్లగా నడక, చదువు. నేను చెప్పేదాకా ఆట మాట ఎత్తొద్దు. ఇది మానకముందు ఇంకో దెబ్బ తగిలుంటే నా దగ్గరికి ఇట్లా నడుచుకుంటూ వచ్చేది కాదు."

అమృత శంకరప్పను చూసి ముఖం అటు తిప్పుకుంది. వాళ్ళమ్మ పరిగి నుంచి వచ్చేదాకా ఆయన వరండాలో కూర్చున్నాడు. అక్కడుండగానే ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. రేపు పొద్దున తాళంచెవులు ఇచ్చి పొమ్మన్నారు. 'సరే' అన్నాడు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే భార్య తిప్పమ్మ ట్యూబులైటు ఆర్పింది. ముప్పై ఏళ్ళుగా ఆయన వస్తే ఆమె మొదట చేసే పని అది.

"పని పోయింది" అన్నాడు.

"యాల? ఏమాయ?"

చెప్పాడు. తిప్పమ్మ కంచం కడిగి తెచ్చింది. "ఆ పాప ఎట్లుండాది?" అంది.

"నన్ను తిట్టింది."

"అయితే బాగుండాదిలే" అని అన్నం వడ్డించింది.

మర్నాడు శంకరప్ప పెందలాడే వెళ్ళి, సామాన్ల గదిలో కాసేపు ఉండి, తాళంచెవులు వాచ్‌మన్‌కు ఇచ్చి, ధర్మవరం బస్సెక్కాడు. అక్కడ కూతురి మగ్గం దగ్గర ఏదో ఒక చేతిపని ఉంటుందని తిప్పమ్మ అంది.

అయిదో రోజు అమృత కాలేజీకి వచ్చింది. తను చెప్పేదాకా ఆడించొద్దని డాక్టరు లెటరు ఇచ్చింది, దాన్ని పి.డి. సారుకు ఇవ్వాలి. ఇంకో పని కూడా ఉంది. మామను నాలుగు మాటలు అడగాలి. ఏం అడగాలో దారిపొడవునా కూడబలుక్కుంటూ వచ్చింది. మామ లేడని, ఇక రాడని ప్రేమ్ కుమార్ నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఆ నాలుగు మాటలూ ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

ఎండ కళ్ళలో గుచ్చుతోంది. నీడ కోసం సామాన్ల గదిలోకి వెళ్ళింది. పిల్లలు వచ్చినప్పుడల్లా ఆ తలుపు గోడవైపు బార్లా తెరిచే ఉండేది. వెలుతురు భరించలేక దాన్ని మూసింది.

తలుపు లోపలివైపు పేర్లున్నాయి. సుద్దముక్కతో, తంటాలు పడి రాసిన వంకర అక్షరాలు. ఒక్కో పేరు పక్కన వరసగా చిన్న చిన్న నిలువు గీతలు, ఆట మాన్పించిన రోజుకొకటి. ఎవరో బాలాజికి తొమ్మిది. ఎవరో వీణకు ఇరవై ఒకటి. కిందటేడాది జారిపడి తల కొట్టుకుని, ఆట ఆడనివ్వలేదని మామతో నెలరోజులు మాట్లాడని పవిత్రకు పదమూడు. అన్నిటికంటే కింద కొత్త సుద్దతో అమృత అని ఉంది. పక్కన ఒక్కటే గీత. మిగతా చెక్కంతా ఖాళీగా వదిలిపెట్టి ఉంది.

అమృతకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. కిటికీ గట్టు మీద సుద్దముక్క తీసుకుని, తన పేరు పక్కన, చెక్క చిట్లేటంత గట్టిగా, జరిగిపోయిన రోజులకు నాలుగు గీతలు గీసింది. తర్వాత తలెత్తి ఆ పేర్లన్నీ కిందినుంచి పైకి చదువుకుంటూ వెళ్ళింది.

అన్నిటికంటే పైన, సగం చెరిగిపోయి, శంకరప్ప అని ఉంది. దాని పక్కన ఒక్క గీత కూడా లేదు.