తూట్ల గుండిగలు

పెండ్లి వంటకు కిరాయికి తెచ్చిన నాలుగు రాగి గుండిగలకూ అడుగున మేకు దించిన తూట్లున్నాయి.

ఎసరు పోసినప్పుడల్లా పొయ్యి ఆరిపోతుంటే పెండ్లిపిల్ల తల్లి యాదవ్వ గుండిగను బోర్లించి చూసింది. తూటు అంచుల్లో కొత్త రాగి తళతళలాడుతోంది. అరిగి పడ్డ తూటు కాదు, ఎవరో లోపలినుంచి కొట్టారు. అప్పటికే మగపెండ్లివారు నస్పూరు మాదిగవాడలో దిగారు. ఇంటింటా అడిగి తెచ్చిన మట్టికుండల్లో వండితే సగం బంతికే అన్నం అయిపోయింది. "పిలిచి పస్తు పెట్టిండ్రు" అని వియ్యపురాలు పెండ్లిపిల్ల ముందరే అనేసి వెళ్లిపోయింది.

మర్నాడు యాదవ్వ, బొగ్గుబాయిలో పనిచేసే ఆమె భర్త అంతయ్య గుండిగలను బండికెత్తి, మంచిర్యాలలో లింగమూర్తి వకీలు దగ్గరికి వెళ్లారు.

"దావా ఏస్తె కిరాయి వాపసొస్తది. నష్టం గూడ అడగొచ్చు. కని ఏండ్లు తిరగాలె" అన్నాడు వకీలు.

"ఎనిమిది రూపాలకు తిరుగుతమా సాబ్? అత్తగారింట్ల నా బిడ్డ తలెత్తుకోవాలె. గుండిగలు కిరాయికిచ్చిన గా లక్ష్మీరాజం సేటు మా కులం జూసి కావాలనె చేసిండని నా వియ్యపురాలికి తెల్వాలె" అంది యాదవ్వ.

"కులం జూసి ఇయ్యనంటె నేరం. గా చట్టమొచ్చి ఏడేండ్లాయె. జైలు గూడ పడ్తది. కని ఆడు ఇయ్యనన్లే గదా! ఇచ్చిండు. పాతయి, తూట్లు పడ్డయంటడు."

"నలుగురి ముంగట ఆని నోటితోనె చెప్తె?"

"అప్పుడు కేసు నిలవడ్తది. చెప్పెటందుకు ఆనికేమన్న పిచ్చా?"

యాదవ్వ లేచింది. "జర మా ఎంబడి రా సాబ్. దూరంగనె నిలవడు."

లక్ష్మీరాజం దుకాణం ముందు దశరథం పటేలు తన కొడుకు పెండ్లికి గుండిగలు ఏరుతున్నాడు. కూలీలు వాటిని అతని బండికెత్తుతున్నారు. వకీలు పక్కనున్న కిళ్లీకొట్టు దగ్గర ఆగాడు. అంతయ్య తమ గుండిగలను దించాడు.

"తూట్లు పడ్డయా? పాతయి గదనే! కిరాయి తక్వ జేస్త తియ్యి" అన్నాడు లక్ష్మీరాజం, ఎవరూ అడగకముందే.

"ఫికర్ చెయ్యకు సేటు" అంది యాదవ్వ గట్టిగా. "సున్నం, బెల్లం నూరి మూసినం. మూడిట్ల అన్నం, ఒకదాంట్ల కూర. మస్తుగ ఉడికినయ్. పటేలు ఇంటికి గూడ గివే పంపు."

పటేలు చేతిలోని గరిటెను విసిరికొట్టాడు. "ఏందయ్యా లక్ష్మీరాజం! ఈళ్లు ఒండుకున్నయి నా ఇంటికి పంపుతున్నవా? దించుండ్రిరా అన్నీ!"

"ఉత్త అబద్ధం పటేలా!"

"అబద్ధమని నీకెట్ల ఎరుక సేటు?" అన్నాడు అంతయ్య. "మా పొయికాడికి నువ్వొచ్చినవా?"

బండి మీదినుంచి మొదటి గుండిగ ధన్‌మని నేలమీద పడింది. బజారులో పోయేవాళ్లు ఆగారు. కిళ్లీకొట్టు దగ్గరి వకీలు రెండడుగులు ముందుకొచ్చాడు. లక్ష్మీరాజం పటేలు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"జర ఇను పటేలా! గిండ్ల ఒక్క మెతుకు గూడ ఉడకలే. ఇయ్యనంటె జైలంటున్నరని ఇచ్చిన. మాదిగోళ్ల కూడు ఉడికితె నీ అసొంటోళ్లు నా గుండిగ ముడ్తరా? గందుకే మేకు, సుత్తె వట్టుకొని నాలుగిట్లకు నేనే కొట్టిన. గీ చేతులతోని నేనే కొట్టిన పటేలా!"