పదకొండు నెలల ఆలస్యం

తాళం తిప్పిన ప్రతిసారీ మా వీధికి ఒక ఇల్లు పెరుగుతోంది. ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. ఉదయం ఎనిమిదికి వీధిలో ఇరవై ఇళ్ళున్నాయి. ఇప్పుడు ముప్పై ఒకటి.

వీధి చివర మలుపు తిరిగితే ఆసుపత్రి. పన్నెండుకు నా భార్య సువర్చలను గేటు దగ్గరికి తీసుకొస్తారు. ఆ వేళకు నేను అక్కడ లేకపోతే లోపలి వార్డుకు మారుస్తారు. లోపలి వార్డు నుంచి ఎవరినీ తిరిగి ఇవ్వరు. నడిచి వచ్చినవాళ్ళకు కూడా ఎవరినీ ఇవ్వరు. ఆ నియమం అక్కడ గోడ మీద రాసి ఉంది.

కొత్తగా వచ్చిన ఇంటి ముందు ఒకావిడ చీర ఆరేస్తోంది.

"ఏమండీ, ఇంక తిప్పకండి. మా పక్కన ఇంకో ఇల్లు లేస్తే మాకు గాలి రాదు."

"ఇంకొక్కసారే," అంటాను.

"అందరూ అదే అంటారు. మేమూ అలా వచ్చినవాళ్ళమే."

మెకానిక్ కరీముల్లా చెమట తుడుచుకుంటూ వస్తాడు.

"మీ ఇంటికి రావాలంటే టిఫిను కట్టుకుని బయల్దేరాలి సార్. ఎన్నిసార్లు తిప్పారేంటి?"

"పదకొండు."

"నన్ను పిలిచాక తిప్పితే ఏం పోయింది?"

బానెట్ ఎత్తుతాడు. ప్లగ్గు వైరు లాగి ఇనుముకు దగ్గరగా పట్టుకుని నన్ను తిప్పమంటాడు. నీలంగా నిప్పు దూకుతుంది. ప్లగ్గు వాసన చూస్తాడు, పెట్రోలుతో తడిసి ఉంది. కార్బురేటర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ తిప్పమంటాడు. అది అతని చేతిని లోపలికి పీలుస్తుంది. వెనక్కి తీసేసరికి అరచేతిలో గీతలు లేవు. అతను ఒకసారి చూసుకుని చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటాడు. ఎదురుగా ముప్పై మూడో ఇంట్లో ఎవరో కిటికీ తెరుస్తారు.

"గాలుంది, పెట్రోలుంది, నిప్పుంది. ఆ నిప్పే లేటుగా వస్తోంది సార్."

"ఎంత లేటు?"

నిప్పును నాలుగు ప్లగ్గులకూ పంచే నల్లటి డబ్బాకు చెవి ఆనించి లెక్కపెడతాడు.

"పదకొండు నెలలు."

నాకు ఆశ్చర్యం కలగదు. పదకొండు నెలల కిందట ఆ ఆసుపత్రిలో ఒక గుమాస్తా, సువర్చలను చేర్చుకునే కాగితం బల్ల మీద నా వైపు జరిపాడు. ఆమె పక్కనే ఉంది. నేను సంతకం పెట్టాను. ఆ రోజు నాలో రగలాల్సింది ఇప్పుడు చల్లారిన ఇంజనులోకి వస్తోంది.

కరీముల్లా బోల్టు వదులు చేస్తాడు.

"డబ్బా మెల్లగా వెనక్కి తిప్పుతాను. అమ్మగారి గొంతు వినపడుద్ది. ఆవిడ మాట పూర్తయిన చోట ఆపమనండి. ముందే ఆపారనుకోండి, బండి స్టార్టవుద్ది గానీ అమ్మగారు అక్కడే ఆగిపోతారు."

"తర్వాత సరిచేసుకోవచ్చుగా?"

"ఈ బోల్టు ఒక్కసారే బిగుసుద్ది సార్. పాత బండి."

తిప్పుతాడు. ముందు వాన చప్పుడు. తర్వాత గుమాస్తా కుర్చీ కిర్రుమంటుంది. తర్వాత సువర్చల గొంతు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మెల్లగా.

"ఏమండీ, నాకేం కాలేదు. ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసు. వీళ్ళకి మీరే చెప్పండి. ఆ రోజు మీరు నన్ను..."

"చాలు," అంటాను.

కరీముల్లా చెయ్యి ఆగుతుంది.

"పూర్తయిందా సార్?"

"అయింది."

"మీరంటే అయినట్టే." బోల్టు బిగిస్తాడు. నా ముఖం చూడడు.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంటుంది. ఎన్నడూ జబ్బుపడనట్టు మోగుతోంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా గేటు చేరతాను. సువర్చల సంచీ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచి ఉంది.

"పొద్దున్నించీ బాగానే మాట్లాడారండీ," అంటాడు కాపలా ఆయన. "ఇందాకే ఉన్నట్టుండి ఆగిపోయారు. మీరొస్తే ఏదో చెప్పాలన్నారు."

"ఏం చెప్పాలట?"

"మీకే చెప్తారంట. నేనెందుకు అడుగుతానండీ?"

ఆమెను ముందు సీట్లో కూర్చోబెడతాను. గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూయబోతాను. లోపల నాలుక లేదు. అప్పుడే తుడిచిన పొడవాటి వరండా ఉంది. రెండు వైపులా ఖాళీ మంచాలు. చివరి మంచం మీద ఒక స్త్రీ అటు తిరిగి కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది.

"సువర్చలా," అని పిలుస్తాను ఆ వరండాలోకి.

ఆమె లేస్తుంది. తడి నేల మీద అడుగులు పడకుండా జాగ్రత్తగా నడిచి వస్తుంది. పళ్ళ దగ్గర ఆగి, ఇల్లు పొరబడి వచ్చిన మనిషిని చూసినట్టు నన్ను చూస్తుంది. తర్వాత రెండు పళ్ళ వరసలనూ దగ్గరికి లాగి మూసేస్తుంది.

లోపల గడియ పడిన చప్పుడు వినిపిస్తుంది.